వేలి మాట వినని పలక

యంత్రములందు పూర్తిగా చెడిపోయిన భాగముకంటె, ఒకప్పుడు పనిచేయుచు మరియొకప్పుడు మొండికేయు భాగమే మనుష్యుని ఎక్కువగా వేధించును. ల్యాప్‌టాపులో మీటలకు దిగువనుండు చిన్న స్పర్శఫలకము, అందరును టచ్‌ప్యాడు అని పిలుచుకొనునది, ఇట్టి వ్యాధులకు ఆలవాలము. ఉదయము సవ్యముగా నడచిన బాణపు గుర్తు మధ్యాహ్నమునకు వణకనారంభించును. వేలు నిలిపియుంచినను తెర మూలకు దుముకును. ఒక్కసారి తాకిన రెండుసార్లు తాకినట్లు గ్రహించి, మనము కోరని ఫైలును తెరచును. మూత మూసి మరల తెరచినంతనే చలనము లేక నిలిచిపోవును. దుకాణమునకు కొనిపోయి బల్లమీద పెట్టినప్పుడు మాత్రము ఏ దోషమును చూపదు.

నల్లగొండ, పాలమూరు సీమలలో ల్యాప్‌టాపు ఇప్పుడు విలాసవస్తువు కాదు. 2007లో నల్లగొండయందు మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయమును, 2008లో మహబూబ్‌నగరమునందు పాలమూరు విశ్వవిద్యాలయమును వెలసిన పిదప, దేవరకొండ, అచ్చంపేట, నారాయణపేట, తుంగతుర్తి వంటి చోట్లనుండి వచ్చు విద్యార్థులకు అది పలకయు పుస్తకమును అయినది. మీసేవ కేంద్రములో ఆదాయ ధ్రువపత్రము మొదలు భూమి కాగితముల వరకు దానిమీదనే సిద్ధమగుచున్నవి. 2023లో నల్లగొండయందును మహబూబ్‌నగరమునందును ఐటీ టవర్లు తెరువబడినవి. బొంబాయికో పుణెకో వలసపోయి మట్టిపని చేసిన తల్లిదండ్రులు కూడబెట్టిన సొమ్ముతో కొన్న యంత్రము ఏడాది తిరుగకమునుపే వేలి మాట వినకపోయినచో, ‘ప్యాడు పోయింది, మార్చాలె’ అను తీర్పు సులభముగా వెలువడును. ఆ తీర్పు కొన్ని సందర్భములందు సత్యమే. కాని పలక నిర్దోషియై, దోషము వేరొకచోట దాగియుండు సందర్భములు తక్కువ కావు. ఆ బీద కుటుంబము చేయనక్కరలేని వ్యయమును తప్పించుటకైనను ఈ విషయమును సాకల్యముగా తెలిసికొనుట అవసరమని నా నమ్మకము.

వేలికొనకును తెరమీది బాణమునకును నడుమ ఎన్ని మజిలీలు కలవో మొదట గ్రహింపవలెను. పలక అడుగునగల లోహపు గీతలు, వానిని చదువు చిన్న చిప్పు, ఆ చిప్పులోనే వ్రాయబడియున్న ఫర్మ్‌వేరు అను ఆదేశావళి, అచటినుండి ప్రధాన ఫలకమునకు పోవు పలుచని తీగల పట్టీ, యంత్రము మేల్కొనునప్పుడు ఏ పరికరము ఎచ్చట నున్నదో ప్రకటించు బయాసు, విండోసు లేక లినక్సు వంటి నిర్వహణవ్యవస్థలో ఆ పరికరముతో సంభాషించు డ్రైవరు, చివరకు వాడుకరి స్వయముగా మార్చుకొను సెట్టింగులు: ఇవన్నియు సక్రమముగా నుండిననే బాణము వేలిని అనుసరించును. వీటికి తోడు ఇంటి గోడలోని కరెంటు ఒకటి కలదు; దానిని ఎవ్వరును అనుమానింపరు. ‘అప్‌డేటు చేయుము’ అని నేడు ప్రతివాడును ఇచ్చు సలహా, ఈ మజిలీలలో చిప్పు ఫర్మ్‌వేరు, బయాసు, డ్రైవరు అను మూడింటిని మాత్రమే తాకగలదు. కావున రోగము ఏ మజిలీలో నున్నదో నిర్ణయింపక చేయు అప్‌డేటు, నాడి చూడక యిచ్చు మందే యగును.

పలక నిర్మాణమును గ్రహించుటకు ఈ సీమవారికి పెద్ద ప్రయాస యుండదు. పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, నారాయణపేట మగ్గములనెరిగిన వారికి పడుగు పేకలను గూర్చి చెప్పనక్కరలేదు. టచ్‌ప్యాడు నునుపైన పైపొరక్రింద, నిలువుగా కొన్ని, అడ్డముగా కొన్ని సన్నని లోహపు గీతలు ఒకదానినొకటి తాకకుండ పరచబడి, పడుగు పేకలవలె అల్లికను ఏర్పరచును. చిటికి పనిలో రంగులద్దిన దారములు కలిసిన చోటనే బొమ్మ తేలినట్లు, ఇచ్చట కూడ గీతలు దాటుకొను కూడళ్ళలోనే వేలి ఉనికి తేలును. చిప్పు ఒక నిలువు గీతలోనికి స్వల్పమైన విద్యుత్ స్పందనను పంపి, అడ్డగీతలందు ఎంత ఆవేశము చేరినదో కొలిచి, పిదప తరువాతి గీతకు పోవును. ప్రతి కూడలియు ఒక అతిసూక్ష్మమైన కెపాసిటరు. దేహము విద్యుద్వాహకము గనుక, వేలు దాపునకు వచ్చినప్పుడు ఆ కూడలిలోని విద్యుత్ క్షేత్రములో కొంత భాగము వేలివైపు మరలును. గీతల నడుమ ధారణశక్తి, అనగా కెపాసిటెన్సు, తగ్గును. ఆ తగ్గుదల పికోఫారడులో ఒక అంశము మాత్రమే. పికోఫారడు అనగా ఫారడులో లక్షకోట్లవ భాగము. ఇంతటి స్వల్పమైన భేదమును సెకనుకు సుమారు నూరుసార్లు పలక యంతటను కొలుచుచు, వేలు కప్పిన కొన్ని కూడళ్ళ విలువలకు భారసగటు కట్టి, గీతల నడుమ దూరము కొన్ని మిల్లీమీటర్లే యైనను అంతకంటె ఎంతో సూక్ష్మముగా వేలి స్థానమును లెక్కించు ఆ చిప్పు చేయు పని నాకు నేటికిని ఆశ్చర్యమునే కలిగించును.

ఈ విద్య ముప్పదియేండ్లకు పైబడినది. అమెరికాలో జార్జి గెర్ఫైడు అను శాస్త్రజ్ఞుడు ధారణశక్తి నాధారముగా చేసికొని రూపొందించిన పలకను, 1994లో ఆపిల్ సంస్థ తన పవర్‌బుక్ 500 శ్రేణి యంత్రములందు అమర్చినది. అంతకుమునుపు ల్యాప్‌టాపులలో చిన్న బంతిని దొర్లించుటయే పద్ధతి. దానిలో దుమ్ముచేరి తిరుగుట మానెడిది. ఆ కాలముననే సినాప్టిక్స్ అను సంస్థయు ఈ రంగమున ప్రవేశించినది. 1971లో వెలువడిన ఇంటెల్ 4004 ప్రాసెసరు నిర్మాణమునకు సారథ్యము వహించిన ఫెడెరికో ఫాజిన్, కార్వర్ మీడ్ అను ఆచార్యునితో కలిసి 1986లో దానిని స్థాపించినాడు. మెదడులోని నాడీకణముల తీరున పనిచేయు చిప్పులను నిర్మింపవలెనని బయలుదేరిన ఆ సంస్థ, కడకు కోట్లాది జనుల వ్రేళ్ళక్రింది పలకలను తయారుచేయుటలో స్థిరపడినది.

ఇక చిప్పులోని ఆదేశావళి సంగతి. పలకపై ఏమియు లేనప్పుడు ఒక్కొక్క కూడలి ఎంత విలువ చూపునో అది గుర్తుంచుకొనును. అట్టి ఆధారరేఖనుండి ఎంత భేదము కలిగినదో దానినే స్పర్శగా ఎంచును. అయితే ఆ ఆధారము స్థిరముగా నుండదు. వేడికి, తేమకు, యంత్రములోపలి ఉష్ణోగ్రతకు అది మెల్లమెల్లగా జరుగును. ఫర్మ్‌వేరు కూడ మెల్లమెల్లగా దానిని సరిదిద్దుకొనుచుండును. ఎంత భేదమును వేలుగా, ఎంత వైశాల్యమును అరచేయిగా, ఎట్టి చలనమును చెమటబిందువుగా ఎంచవలెనో నిర్ణయించు మేరలన్నియు దానిలోనే కలవు. ఈ మేరలను నిర్మాత తన ప్రయోగశాలలోని చల్లని గాలిలో నిర్ణయించి, పిదప మే నెలలో 45 డిగ్రీలు దాటు నల్లగొండ ఎండకు ఆ యంత్రమును పంపినచో, లెక్కలు కొంత తప్పుట వింత కాదు. అందువలననే నిర్మాతలు అప్పుడప్పుడు ఈ మేరలను సవరించి క్రొత్త ఫర్మ్‌వేరును విడుదల చేయుదురు. ఈ సందర్భముననే ఒక చిన్న జాగ్రత్త: యంత్రము మేల్కొనుచున్నప్పుడు అరచేతిని పలకపై ఆన్చియుంచరాదు, తడిగుడ్డతో తుడిచిన తేమయు ఉండరాదు. ఆ క్షణమున చూచిన స్థితినే చిప్పు ఖాళీ పలకగా భావించినచో, చేయి తీసిన తరువాత కొంతసేపు స్పర్శలను తప్పుగా గ్రహించుచుండును.

ఇప్పుడు కరెంటు వద్దకు వత్తము. నా దృష్టిలో ఈ అధ్యాయమునకు ప్రాణమిదియే.

చార్జరు తగిలించినప్పుడే బాణము వణకి, తీసినంతనే కుదుటపడుట అనేకులు గమనించియుందురు. ఆ వేళ యంత్రపు లోహభాగమును ముంజేతితో తాకినచో చర్మముపై సన్నని చిమచిమ కూడ తోచును. దీనికి కారణము చార్జరులోనే కలదు. 230 వోల్టుల కరెంటును ల్యాప్‌టాపునకు కావలసిన అల్పవోల్టులకు దించుటకై చార్జరు దానిని సెకనుకు వేలకు వేలు, లక్షకు మించియు, పర్యాయములు తెంచుచు కలుపుచు నుండును. ఆ త్వరిత స్పందనలు రేడియో మొదలగు వానికి అంతరాయము కలిగింపకుండుటకై, మెయిన్సువైపును ల్యాప్‌టాపువైపును కలుపుచు ఒక చిన్న కెపాసిటరు అమర్చబడును. దాని గుండ మిల్లీఆంపియరులో కొద్దిభాగము ఎల్లప్పుడును ల్యాప్‌టాపువైపునకు జారుచుండును. మూడవ పిన్ను, అనగా ఎర్తు, నేలతో కలిసియున్నయెడల ఆ లీకేజీ నేలలోనికి పోవును. కలిసియుండనిచో ల్యాప్‌టాపు దేహమంతయు నేలకంటె సుమారు సగము మెయిన్సు వోల్టేజీ ఎత్తున తేలుచు, చార్జరు స్పందనలతో పాటు ఊగుచుండును.

విచిత్రమేమనగా, ఈ ఊగుటను పలకలోని చిప్పు స్వయముగా గుర్తింపలేదు. ఏలయన అదియు, దాని గీతలును, దాని కొలమానమును అన్నియు కలిసియే ఊగుచున్నవి. నేలమీద పాదములానించి కూర్చున్న మనుష్యుడు మాత్రము ఊగుటలేదు. అతడు వేలుపెట్టినప్పుడు చిప్పు దృష్టిలో వేలే ఊగుచున్నట్లు తోచును. వేలు తాకిన కూడళ్ళలోనికి అదనపు ఆవేశము వచ్చి పోవుచుండును. చిప్పు కొలుచు వేగమునకు ఈ స్పందన వేగము సమీపించెనా, భారసగటు చెదరి బాణము చిందులు త్రొక్కును. వేలు లేనప్పుడు ప్రశాంతముగాను, వేలు పెట్టినంతనే ఉన్మత్తముగాను పలక ప్రవర్తించుట ఇందువలననే. దీనిని నిర్ధారించుటకు ఏ పనిముట్టును అక్కరలేదు. ఒక చేతిని యంత్రపు లోహభాగముపై ఆన్చి, మరియొక చేతి వేలితో పలకను తాకవలెను. అప్పుడు దేహము కూడ యంత్రముతో కలిసియే ఊగును గనుక బాణము కుదుటపడును. మంచముమీదికి కాళ్ళు ముడుచుకొని కూర్చున్నప్పుడు వణకు తగ్గి, బండలమీద పాదము మోపినప్పుడు హెచ్చినను అదే నిదర్శనము. అయితే చిమచిమకు మించి నిజమైన షాకు కొట్టినచో పరీక్షలు కట్టిపెట్టి ఆ చార్జరును వెంటనే విడిచిపెట్టవలెను.

ఈ సీమలో ఎర్తింగు బలహీనమగుటకు భూమియే ఒక కారణము. నల్లగొండ, పాలమూరు నేలల అడుగున పరచుకొన్నది అతిప్రాచీనమైన గ్రానైటు శిల; దానిపై చాలచోట్ల పలుచని చెల్క నేల. ఆ ఎర్రని ఇసుకమన్ను నీటిని ఎక్కువకాలము పట్టియుంచదు. మట్టిలో విద్యుత్తును మోయునది రేణువులు కావు, వాని నడుమ తేమయందు కరగియున్న లవణములు. తేమ ఇంకిపోయిన చెల్కయు, దాని అడుగు బండయు విద్యుత్తునకు గట్టి నిరోధకములు. ఈ గ్రానైటే బోరునీటిలో ఫ్లోరైడును కలిపి ఎన్నో గ్రామములలో రెండు తరముల ఎముకలను వంచినది. ఆ నీటిని పటికతోను సున్నముతోను శుద్ధిచేయుటకు నాగపూరులోని నీరి సంస్థ రూపొందించిన విధానమునకు ‘నల్లగొండ పద్ధతి’ అనియే పేరు. అంతటి విషాదముతో టచ్‌ప్యాడు చికాకును సరితూచుట నా ఉద్దేశము కాదు; ఒకే శిల మన జీవితమును ఎన్ని తెరగుల తాకుచున్నదో చెప్పుట మాత్రమే.

ఎర్తు గుంత త్రవ్వి, కడ్డీనో పలకనో దించి, బొగ్గును ఉప్పును పొరలుగా నింపి, గొట్టము గుండ నీరు పోయుట మన ఎలక్ట్రీషియనులందరికిని తెలిసిన విద్యయే. భారతీయ ప్రమాణము ఐఎస్ 3043 దానినే శాస్త్రీయముగా నిర్దేశించుచున్నది. గుంత త్రవ్వుచుండగా నాలుగడుగులలో బండ తగిలి పని అంతటితో ఆగుట, వేసవిలో నీరు పోయుట మరచిపోవుట, ఇంకను తరచుగా, గోడలోని సాకెట్టు మూడవ రంధ్రమునకు తీగయే కలుపకపోవుట మన ఇండ్లలో కాననగు లోపములు. ఇచ్చట ఒక భేదమును స్పష్టముగా చెప్పవలెను. టచ్‌ప్యాడు నెమ్మదించుటకు గొప్ప ఎర్తు అక్కరలేదు. ఆ కొద్ది లీకేజీకి నాసిరకపు గుంతయు చాలును. తీగ అసలే లేనప్పుడును, తీగయుండి గుంత పూర్తిగా ఎండిపోయినప్పుడును చిక్కు వచ్చును. ఈ రెండవ సందర్భమున ఫ్రిజ్జు, మోటారు మొదలగువాని లీకేజీలన్నియు అదే తీగపై చేరి ల్యాప్‌టాపు వరకు ప్రాకును. మనుష్యప్రాణమును కాపాడుటకు మాత్రము మంచి గుంతయే కావలెను. పలక వణకుట వలన ఇంటి ఎర్తు లేమి బయటపడినచో ఆ సూచనను తేలికగా తీసికొనక ఎలక్ట్రీషియనును పిలిపింపవలెను.

మంచి ఫర్మ్‌వేరు ఈ గొడవను కొంతవరకు తానే తప్పించుకొనగలదు. చుట్టునున్న విద్యుద్ధ్వనిని ముందుగా విని, అది ఏ వేగమున హెచ్చుగానున్నదో గ్రహించి, తన కొలత వేగమును అచటనుండి ప్రక్కకు జరుపుకొను నేర్పు ఆధునిక చిప్పులకు కలదు. క్రొత్త ఫర్మ్‌వేరుతో చార్జరు వణకు మానెనని కొందరు చెప్పుటలో అబద్ధము లేదు. దోషము గోడలో నున్నను చికిత్స చిప్పులో జరిగినది.

ఇక డ్రైవరు. 1987లో ఐబీఎం ప్రవేశపెట్టిన పీఎస్/2 యంత్రములనుండి వచ్చిన మౌసు భాషలోనే టచ్‌ప్యాడులు చిరకాలము మాటలాడినవి. మౌసు మూడు బైట్ల పొట్లములుగా తన కదలికను తెలుపును: మీటల స్థితి ఒకటి, అడ్డపు కదలిక ఒకటి, నిలువు కదలిక ఒకటి. టచ్‌ప్యాడు కూడ మౌసు వేషము వేసికొని ఇట్లే పంపెడిది. తగిన డ్రైవరు వచ్చి పలకరించినప్పుడు మాత్రమే తన నిజరూపమును చూపి, వేలి స్థానమును, ఒత్తిడిని తెలుపు ఆరు బైట్ల పొట్లములను పంపును. దీనినుండి ఒక చక్కని రోగలక్షణము లభించుచున్నది: బాణము బాగుగా కదలుచు, రెండు వ్రేళ్ళతో పేజీ జరుగుట మాత్రము మానినచో, పలక చెడలేదు, డ్రైవరు తప్పుకొని, పలక మౌసు వేషములోనికి జారినది. మరియొక లక్షణము: దారిలో ఒక్క బైటు పోయినచో తరువాతివన్నియు ఒక స్థానము తప్పి చదువబడును, మీటల స్థితి కదలికగాను, కదలిక మీటగాను అర్థమై, బాణము మూలకు దుమికి, ఎవరును నొక్కని మీట నొక్కబడును. పాత లినక్సు యంత్రముల లాగులో సమకాలత తప్పినదని, ఒక బైటును పారవేసితినని psmouse డ్రైవరు వ్రాసికొను వాక్యము ఈ స్థితినే తెలుపును.

తరువాతి కాలమున పలకలు ఐ2సీ అను రెండు తీగల మార్గమునకు మారినవి. 1982లో ఫిలిప్స్ సంస్థ టెలివిజను వంటి పరికరముల లోపలి చిప్పులు పరస్పరము మాటలాడుకొనుటకై కల్పించిన మార్గమది. 2012 ప్రాంతమున విండోసు 8తో ఇది ల్యాప్‌టాపు పలకలకు వచ్చినది. 2013లో విండోసు 8.1తో ‘ప్రిసిషన్ టచ్‌ప్యాడు’ అను ఏర్పాటు వెలువడి, వేలి సంజ్ఞలను అర్థము చేసికొను పనిని నిర్మాతల డ్రైవర్లనుండి మైక్రోసాఫ్టు తనకే తీసికొన్నది. ఇది మేలైన మార్పని నా అభిప్రాయము; దానివలన నిర్మాతకొక తీరుగా నుండిన పలకల ప్రవర్తనకు ఒక కట్టుబాటు ఏర్పడినది. కాని క్రొత్త పద్ధతిలో బయాసు బాధ్యత హెచ్చినది. పలక ఏ చిరునామాలో నున్నది, వేలు తగిలినప్పుడు ఏ తీగద్వారా ప్రాసెసరును తట్టి లేపును అను వివరములను బయాసులోని పట్టికయే నిర్వహణవ్యవస్థకు ప్రకటింపవలెను. ఆ పట్టికలో ఒక్క అంకె తప్పినను పలక ఆరోగ్యముగా నుండియు అదృశ్యమగును. లేదా నిద్రనుండి లేచినప్పుడు మాత్రము మూగబోవును. విండోసులోని డివైస్ మేనేజరులో ఐ2సీ హెచ్‌ఐడీ డివైసు ప్రక్కన పసుపుపచ్చని హెచ్చరిక గుర్తును, ‘కోడ్ 10’ అను మాటయు కనబడినప్పుడు ఈ మజిలీనే అనుమానింపవలెను. దీనికి డ్రైవరుకంటె బయాసు అప్‌డేటే తరచుగా మందు.

పరీక్షకు ఒక క్రమము కావలెను. ఒకేసారి పది మార్పులు చేసి బాగైనదనుకొన్నచో, ఏది బాగుచేసెనో తెలియదు, రోగము మరల వచ్చినప్పుడు దిక్కు తోచదు. చేనేత స్త్రీల భుజములను అరగదీసిన, నూలు చుట్టు ఆసు పనికి యంత్రమును కనిపెట్టి 2017లో పద్మశ్రీ పొందిన ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశము, చేతిలో డబ్బు చిక్కినప్పుడెల్ల ఒక్కొక్క భాగమును చేయించి, ఒక్కొక్క చలనమును సాధించుచు ఏండ్ల తరబడి పోరాడెను. ఆ ఓర్పులో పదవవంతు చాలును మనకు.

మొట్టమొదట, ఎఫ్ఎన్ మీటతో కలిసి పలకను ఆపు బొమ్మగల మీట ఏదైన పొరపాటున నొక్కబడినదేమో చూడవలెను; చచ్చినదనుకొన్న పలకలు కొన్ని ఇట్లే నిద్రించుచుండును. పిదప యంత్రమును రీస్టార్టు చేయవలెను. షట్‌డౌను చేసి మరల వేయుట దీనికి సమానము కాదు. విండోసు 8నుండి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ అను ఏర్పాటువలన షట్‌డౌనులో వ్యవస్థ తన అంతరంగస్థితిని డిస్కుపై దాచుకొని, మరునాడు ఆ పాత స్థితినే, చిక్కుపడిన డ్రైవరుతో సహా, తిరిగి తెచ్చుకొనును. రీస్టార్టులోనే అన్నియు మొదటినుండి ఆరంభమగును. ఈ ఒక్క భేదము తెలియక ‘ఎన్నిసార్లు ఆపి వేసినను అంతే’ అని విసిగినవారు అసంఖ్యాకులు.

తరువాత చార్జరు తీసి బ్యాటరీమీద కొంతసేపు వాడి చూడవలెను. అచట కుదుటపడినచో పైన చెప్పిన ఎర్తు పరీక్షలకు పోవలెను. బ్యాటరీమీదను వణకినచో బయాసు తెరను తెరవవలెను. నేటి యంత్రములనేకములందు ఆ తెరలోనే బాణము కదలును. అచట నిర్మలముగా నడచి విండోసులో మాత్రమే చెదరినయెడల పలకయు, తీగపట్టీయు బాగుగా నున్నవనుటకు బలమైన సాక్ష్యము దొరకినట్లే. మరియొక సాక్ష్యము, పెన్‌డ్రైవునుండి నేరుగా నడచు లినక్సు. ఉబుంటు వంటి దానిని పెన్‌డ్రైవుపై ఎక్కించి, డిస్కులోని దేనిని తాకకుండ దానినుండి యంత్రమును మేల్కొలిపి, అర్ధగంట పని చేసి చూచినచో, దోషము విండోసుదో, యంత్రముదో చాలవరకు తేలిపోవును. ఏ కళాశాలలోనైనను కంప్యూటరు అధ్యాపకులు ఈ పెన్‌డ్రైవునొకటి సిద్ధముగా నుంచినచో, విద్యార్థులు దుకాణముల చుట్టు తిరుగు బాధ ఎంతో తగ్గును.

ఇట్లు దోషము సాఫ్ట్‌వేరు మజిలీలలో నున్నదని తేలినప్పుడే అప్‌డేటునకు పూనుకొనవలెను. విండోసు అప్‌డేటులోని ఐచ్ఛిక విభాగమున డ్రైవర్లు వేరుగా చూపబడును. అచట లేనిది నిర్మాత వెబ్‌సైటులో, యంత్రము అడుగున ముద్రించిన మోడలు సంఖ్యను పూర్తిగా వ్రాసి వెదకవలెను. ఒకే పేరుతో అమ్ముడుపోయిన యంత్రములలో సైతము వేరువేరు సంస్థల పలకలుండుట పరిపాటి. కావున మిత్రుని యంత్రమునకు పనిచేసిన డ్రైవరు మనదానికి పనిచేయునని లేదు. ఉచితముగా అన్ని డ్రైవర్లను వెదకి పెట్టెదమని ప్రకటించుకొను అపరిచిత సాఫ్ట్‌వేరును నేను ఎన్నడును సిఫారసు చేయను. ఆ దారిన వైరసులు వచ్చును. మార్పునకు మునుపు ఉన్న డ్రైవరు వెర్షను సంఖ్యను కాగితముపై వ్రాసికొనవలెను. అప్‌డేటు పిదపనే రోగము మొదలైనచో, డివైస్ మేనేజరులోని రోల్ బ్యాక్ మీట పాత డ్రైవరును తిరిగి తెచ్చును. క్రొత్తది ఎల్లప్పుడును మేలైనదన్న నియమము లేదు.

లినక్సు వాడుకరులకు 2015 ప్రాంతమునుండి రిచర్డ్ హ్యూస్ నిర్మించిన ఎఫ్‌డబ్ల్యుఅప్‌డి అను సాధనము కలదు. నిర్మాతలు తమ ఫర్మ్‌వేరును ఒక ఉమ్మడి భాండారమున ఉంచగా, ఇది యంత్రములోని పరికరములను గుర్తించి, సంతకము సరిచూచి, తగినదానినే తెచ్చి వ్రాయును. పాత సినాప్టిక్స్ పలకలు కొన్ని పీఎస్/2 మార్గమున నడుచుచు తడబడినప్పుడు, వానిని psmouse డ్రైవరులోని synaptics_intertouch అను ఐచ్ఛికముతో వేగవంతమైన వేరు మార్గమునకు మరల్చుట కూడ లినక్సులో సాధ్యము. పలకను మార్చక, దారిని మార్చుట వలన ఎన్నో పాత యంత్రములు ఇట్లు మరికొన్ని యేండ్లు బ్రతికినవి.

ఫర్మ్‌వేరు, బయాసు అప్‌డేట్ల విషయమున మాత్రము డ్రైవరుకంటె హెచ్చు జాగరూకత కావలెను. డ్రైవరు డిస్కుమీది ఫైలు. చెడిన మరల పెట్టుకొనవచ్చును. ఫర్మ్‌వేరు చిప్పులోని ఫ్లాష్ జ్ఞాపకమునందు పాతదానిని చెరిపి వ్రాయబడును. నడుమ విద్యుత్తు ఆగినచో పాతదియు లేక, క్రొత్తదియు లేక చిప్పు మూగబోవు ప్రమాదము కలదు. ఈదురుగాలులతో వాన వచ్చు మే నెల సాయంకాలమున, కరెంటు పోవుచు వచ్చుచునున్న వేళ, ఆ పనికి పూనుకొనరాదు. చార్జరును తగిలించుటయే కాదు, బ్యాటరీ నిండుగా నుండవలెను. కరెంటు పోయినను పని ముగియువరకు బ్యాటరీయే రక్షణ. బ్యాటరీ చచ్చిపోయి చార్జరుమీదనే బ్రతుకుచున్న పాత యంత్రమునకు బయాసు అప్‌డేటు చేయకుండుటయే ఉత్తమము. తెర నల్లబడి కొన్ని నిమిషములు చలనము లేకున్నను భయపడి మీట నొక్కరాదు.

ఏ అప్‌డేటును తాకజాలని దోషమొకటి ఈ వేడిసీమలో ముఖ్యముగా చెప్పదగినది కలదు. అనేక ల్యాప్‌టాపులలో బ్యాటరీ సరిగా టచ్‌ప్యాడు అడుగుననే పరచబడియుండును. రేకుల కప్పుక్రింద, 45 డిగ్రీల ఎండలో, రాత్రింబవళ్ళు నిండుగా చార్జయి యుండు లిథియము బ్యాటరీ త్వరగా క్షీణించును. లోపలి రసాయనములు విడివడి వాయువు పుట్టి, దాని మెత్తని సంచి ఉబ్బును. ఉబ్బిన సంచి పలకను క్రిందినుండి నెట్టును. అప్పుడు నొక్కుడు బిగిసిపోవును, లేదా నొక్కకయే నొక్కినట్లగును. పలక ఒక అంచు పైకి లేచి కనబడును. మూత సమముగా పడదు. యంత్రమును బల్లపై పెట్టిన ఊగును. ఇట్టి గుర్తులు కనబడినప్పుడు డ్రైవర్లతో కాలము పుచ్చరాదు. యంత్రమును ఆపి, చార్జరును తీసి, ఉబ్బినచోటును నొక్కక, గుచ్చక, సేవాకేంద్రమునకు కొనిపోయి బ్యాటరీని మార్పింపవలెను. గాయపడిన లిథియము బ్యాటరీ ఆకస్మికముగా మండగలదు. పలకను మార్చవలెనని దుకాణమువారు చెప్పినచో, మొదట బ్యాటరీని మార్చి, మూత బిగించి చూపుమని అడుగవలెను. వంగిన పలక తిరిగి చదునైనంతనే, చిప్పు మేల్కొనుచు క్రొత్త ఆధారరేఖను తనకు తానే తీసికొనును గనుక, పెక్కు యంత్రములలో పాత పలకయే మరల వేలిని అనుసరించును.